జోజప్ప గోడ మీది మామిడితోట

ఆఁ, ఎంతవరకూ చెప్పాను? జోజప్ప చేతి దగ్గర ఆగాం కదూ. ఆ చెయ్యి వణుకుతుందండీ. టీ గ్లాసు పట్టుకుంటే సగం నోట్లోకి, సగం చొక్కా మీదికి. ఎవరైనా చూస్తుంటే అసలు ముట్టుకోడు. "ఇప్పుడే తాగొచ్చానండి" అంటాడు. నేనేమో కాఫీ పెట్టి బలవంతం చేసే మనిషిని! ఆ సంగతి తెలిశాక, గ్లాసు ఆయన ముందు పెట్టి ఏదో పనున్నట్టు లోపలికి వెళ్ళిపోవడం నేర్చుకున్నాను.

మీకు ఆయన తెలియకపోవచ్చు గానీ, ఒకప్పుడు తిరువూరులో ఏ వీధిలో నిలబడి తలెత్తినా ఆయన రాసిన అక్షరమే కనపడేది. ఎరువుల కొట్టు, బట్టల కొట్టు, నెమలి ఊరికి వెళ్ళే దారి బోర్డు, ఎన్నికలొస్తే అన్ని పార్టీల గోడలూ ఆయనవే. "పొద్దున ఒకాయన్ని గెలిపించి, సాయంత్రం ఆయన మీద నిలబడ్డాయన్ని గెలిపించేవోణ్ణి టీచరమ్మా" అని నవ్వేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక బోర్డులు పోయాయి. స్టిక్కర్లు వచ్చాక బండి నంబర్లు పోయాయి. చివరికి సమాధుల తోటలో శిలువల మీద పేర్లు రాసే పని మిగిలింది. దాంట్లోకీ గ్రానైటు రాయి, మిషను వచ్చేశాయి. ఆయన ఆఖరున రాసింది భార్య జోజమ్మ పేరు. అప్పటికే చెయ్యి పట్టు తప్పింది. గీతలు పక్కకి జారాయి. చెరిపి మళ్ళీ రాయవయ్యా అని ఫాదర్ గారంటే, "మళ్ళీ రాస్తే ఇంకా జారుద్ది ఫాదర్" అన్నాడట. ఆ రోజు బ్రష్షులు కిరసనాయిల్లో కడిగి, పాత బనీనులో చుట్టి అటకెక్కించాడు.

ఊళ్ళో అన్నీ చెరిగిపోయినా ఒక్కటి మాత్రం మిగిలింది. నేను తెలుగు చెప్పి రిటైరైన స్కూల్లో పాత హాలు ఉంది. దాని వెనక గోడంతా జోజప్ప వేసిన మామిడితోట బొమ్మ. రెడ్డిగూడెం వైపు కాయ దింపే రోజుల్లో ఎలా ఉంటుందో అచ్చం అలాగే. వరిగడ్డి పరిచి ఆడవాళ్ళు కాయలు ఏరుతుంటారు, చెట్ల మధ్యనుంచి ఎండ ముక్కలు ముక్కలుగా పడుతుంటుంది. విరిగిన బెంచీలన్నీ అందులో పడేసి ఎప్పుడో తాళం వేశారు. అందరూ మరిచిపోయారు గానీ జోజప్ప మరిచిపోలేదు. నేను బజార్లో కనపడితే చాలు, బాగున్నారా అని కూడా అనకుండా "గోడ ఉందా టీచరమ్మా?" అనేవాడు. ఉంది అంటే తలాడించి వెళ్ళిపోయేవాడు.

మా స్కూలుకి సౌజన్య అని కొత్త డ్రాయింగు టీచరమ్మ వచ్చింది. చురుకైన పిల్ల. తొమ్మిదో తరగతికి ఒక ప్రాజెక్టు ఇచ్చింది. ఒక చిత్రకారుణ్ణి ఎంచుకోవాలి. ఆయన శైలి ఏంటి, ఎవరి ప్రభావం ఉంది, ఏ రంగులు వాడాడు, ఎలా వేశాడు, ఇవన్నీ తెలుసుకుని ఆ పద్ధతిలో తామూ ఒక బొమ్మ వెయ్యాలి. చివర్న స్కూల్లో వాటి ప్రదర్శన. పిల్లలేం చేశారు? అందరూ నెట్ సెంటర్‌కి పోయి ఒకే గడ్డపాయన్ని ప్రింటు తీసుకొచ్చారు. సౌజన్యకి ఒళ్ళు మండింది.

"ఈయన మీకు చుట్టమా? మనూళ్ళో బతికున్న మనిషిని పట్టుకోండి. అడిగితే బదులు చెప్పాలి. తిట్టినా సరే!" అంది.

మా పక్కింటి రుచిత తన జట్టుని వెంటేసుకుని నా దగ్గరికి వచ్చింది. నాకు అంతకంటే ఏం కావాలి! కంగారులో కుడి కాలికో రకం, ఎడమ కాలికో రకం చెప్పులేసుకుని మరీ బయల్దేరాను, జోజప్ప ఇంటికి.

"తాతా, మీ శైలి ఏంటి?" రుచిత అడిగింది.

"శైలి పెద్దోళ్ళకి ఉంటదమ్మా. నాకు తొందరుండేది. సాయంత్రానికల్లా బోర్డు కొట్టు మీదికి ఎక్కాలి."

"పోనీ ఎవరి ప్రభావం ఉంది?"

"మా జోజమ్మది. బతుకంతా ఉంది."

"అబ్బా, అది కాదు తాతా! ఎవరి దగ్గర నేర్చుకున్నారు?"

అప్పుడు నోరు విప్పాడు. కుర్రతనంలో బెజవాడలో సినిమా బ్యానర్లు వేసే షెడ్డులో ఉన్నాడట. చిన్న ఫొటో మీద గళ్ళు గీసి, పెద్ద గుడ్డ మీద అవే గళ్ళు గీసి, గడికి గడి పెంచుకుంటూ పోవడం అక్కడే వచ్చిందట.

"అందుకేనా మీ గోడ మీద కూలోళ్ళందరికీ హీరోయిన్ల కళ్ళు?" అంది రుచిత. హాలు తాళం తీయించి అప్పటికే చూసొచ్చారు లెండి. "ఎండలో కాయలేరే వాళ్ళకి అంత కాటుకెందుకు తాతా?"

"మా గురువు కాటుక లేకుండా కన్ను వెయ్యనిచ్చేవోడు కాదే. చేతికి అలవాటైపోయింది. మానుకుందావనుకున్నా. ఈలోపు పనే మానుకుంది నన్ను."

పిల్లలు నవ్వారు. ఆయన నవ్వలేదు.

ఆ గోడకి ఆయిల్ పెయింటు కాదట వాడింది. పొడి రంగులు తెచ్చి, వజ్రం, అదే తోళ్ళ నుంచి తీసే బంక, కాచి ఆ జిగురులో కలిపి, సున్నం గోడ మీద వేశాడు. "తడి తగలనియ్యబాకండి. చెమట చెయ్యి పెట్టినా ఊడొచ్చుద్ది" అని రెండు మూడుసార్లు చెప్పాడు. ఆకులకి బ్రష్షు వాడలేదు, ఎండిన బీరకాయ పీచుతో అద్దాడు. ఇంక చూడండి, పిల్లలు మా పెరట్లో తీగ మీద ఎండిపోయిన బీరకాయలన్నీ కోసేసి నా ప్రహరీ గోడని అడవి చేసి పెట్టారు. జోజప్ప కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. రుచిత మరీ గట్టిగా అద్దుతుంటే ఉండబట్టలేక లేచి మణికట్టు పట్టుకున్నాడు. ఆయన వణుకు ఆ పిల్ల చేతిలోకి వెళ్ళింది.

"తాతా, ఇట్లా అయితేనే ఆకులు కదుల్తున్నట్టున్నాయి!"

ఆయన చెయ్యి తీసేశాడు. మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. వెళ్ళేటప్పుడు గుమ్మం దగ్గర ఆగి, "ప్రదర్శన రోజు నన్ను ఆ గోడ ముందు నిలబెడతారంటగా. చూపు కూడా మసగ్గా ఉంటోంది టీచరమ్మా. ఆనుతుండగానే ఒక్కసారి చూసుకుంటే చాలు నాకు" అన్నాడు.

ఆ ప్రదర్శన రేపే. తెల్లచొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడని పొద్దునే తెలిసింది.

మధ్యాహ్నం ఏర్పాట్లు చూద్దామని స్కూలుకి వెళ్ళాను. హాల్లో అడుగు పెట్టగానే కళ్ళు జిగేల్‌మన్నాయి. గోడంతా నిగనిగలాడుతోంది. ఆకులు చిలకపచ్చ, కాయలు నారింజ. పైమూల గుండ్రంలో జోజప్ప ఫొటో, ఆ పక్కన స్కూలు పేరు. కరస్పాండెంట్ గారు నడుం మీద చేతులు పెట్టుకుని మురిసిపోతున్నారు.

"ఎలా ఉంది ప్రేమావతి మేడం గారూ? అసలు దానికన్నా బాగొచ్చింది కదండీ! రంగులు వెలిసిపోయి ఉంటే ఫొటో తీయించి, కంప్యూటర్లో బ్రైట్ చేయించి, ఫ్లెక్సీ కొట్టించా. పెద్దాయనకి సన్మానమంటే ఆ మాత్రం ఉండొద్దూ?"

"మరి ఆయన వేసిందో?"

"దాని మీదే అంటించామండి. సైజు సరిగ్గా సరిపోయింది."

ఓ మూల రుచిత బెంచీ మీద కూర్చుని ఏడుస్తోంది. "నేను చెప్పాను మేడం, తడపొద్దని. దుమ్ముంటే గమ్ము అంటుకోదు, నువ్వు పక్కకుండు పాపా అన్నారు ఫ్లెక్సీ వాళ్ళు. పైపు పెట్టి కడిగేశారు." గుమ్మం పక్క కాలవలో నీళ్ళు ఇంకా పచ్చగా, పసుపుగా నిలిచి ఉన్నాయి.

ఫ్లెక్సీ అతికించిన అబ్బాయిని బతిమాలి ఒక అంచు లేపించాను. వెనక గోడ తెల్లగా ఉంది. మిగిలిన రంగంతా ఫ్లెక్సీ వీపుకి పొలుసులు పొలుసులుగా అంటుకుని వచ్చేసింది. కాటుక పెట్టిన కన్ను ఒకటి రాలి నా చేతిలో పడి, వేలు తగలగానే పొడైపోయింది.

కరస్పాండెంట్ గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. చెడ్డ మనిషి కాదండీ ఆయన. మంచి చేస్తున్నాననే అనుకున్నారు. మన ఊళ్ళో పెళ్ళికైనా చావుకైనా, గౌరవమంటే ఫ్లెక్సీయే కదా.

"మేడం గారూ, రేపు కార్యక్రమం అయ్యేదాకా చెప్పొద్దండి. ఆయనకి చూపు ఆనదంటున్నారుగా. తెలియదు లెండి" అన్నారు మెల్లగా.

సౌజన్య ట్రైనింగుకని విజయవాడ వెళ్ళింది. ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "రేపొక్క రోజు ఆయన్ని సంతోషంగా ఉండనిద్దామా మేడం?" అంది. ఆ పిల్ల గొంతు విని నాకూ మనసు మెత్తబడింది.

కానీ ఇంటికి వస్తూ ఆలోచించాను. జోజప్ప దూరంగా నిలబడి చూసి వెళ్ళే మనిషా? మసక చూపువాడు దగ్గరికి వెళ్తాడు. ఇంకా దగ్గరికి వెళ్తాడు. చెయ్యి పెట్టి తడుముతాడు. సున్నం గోడ గరుకు తగలాల్సిన చోట వేళ్ళు జర్రున జారతాయి. ఆయన పొట్టకొట్టిన ఆ ఫ్లెక్సీ గుడ్డ ఆయన చేతికి తెలియకుండా ఎలా ఉంటుంది? మెడలో దండ, ఒంటి మీద శాలువా, ఎదురుగా చప్పట్లు కొడుతున్న పిల్లలు. అప్పుడా తెలియాల్సింది?

విరిగిన బెంచీలు అడ్డున్న మూల, గోడకి అడుగున బెత్తెడు మేర నీళ్ళూ గమ్మూ తగల్లేదు. వరిగడ్డీ, రెండు కాయలూ ఉన్నాయి. అంతే మిగిలింది.

ఇంత సేపూ మీతో వాగుతూ కూర్చున్నది ఎందుకనుకున్నారు? ఫోన్ తియ్యడానికి చెయ్యి రాక. జపమాల ప్రార్థన అయి ఆయన ఇంటికి వచ్చేసే వేళైంది. జరిగింది జరిగినట్టు చెప్పేస్తాను. రేపు నలుగురిలో వద్దు, ఇప్పుడే ఆటో పంపిస్తాను, ఆ మిగిలిందేదో మనమే చూసొద్దాం రమ్మంటాను. వస్తాడో రాడో. ఉండండి, నంబరు కలుపుతాను.