వేడి తొట్టిలో తేలిన పట్టీ

మా స్నానశాలలో దాపరికాలు సాగవు. కౌంటర్ దగ్గర నా చేతి నుంచి బట్టల అల్మారా తాళంచెవి తీసుకుని లోపలికి వెళ్లిన ఆడమనిషి ఒంటిమీద ఇక మిగిలేది ఆ తాళంచెవే. ఎవరికి ఏ ఆపరేషన్ అయిందో, ఎవరు ఇంట్లో చెప్పకుండా సూదుల వైద్యుడి దగ్గరికి వెళ్లొచ్చారో వీపులే చెప్పేస్తాయి. కొరియా పడమటి తీరాన ఈ కున్‌సాన్ రేవుపేటలోని ఆ వీపులన్నింటినీ ఇరవై ఒక్క ఏళ్లుగా రుద్దుతున్నది గ్వీరే.

గ్వీరే తాటిచెట్టంత పొడుగు. పనిలో నల్ల లోదుస్తులు, చేతికి గరుకు తొడుగు. బల్ల మీద పడుకున్నవాళ్ల తుంటి పక్కన తడి చేత్తో రెండుసార్లు ఛట్ ఛట్‌మని కొడుతుంది. అంటే అటు తిరగమని. ఆ చప్పుడు వింటే మా పేటలో నిద్రపోతున్నవాళ్లు కూడా పక్కకి తిరుగుతారు.

పోయిన వసంతంలో ఆమెకి నడుంనొప్పి మొదలైంది. ఎడమ పిర్ర నుంచి పిక్క దాకా కరెంటు పాకినట్టు ఉంటుందట. నాకొక్కదానికే చెప్పింది.

"ఎవరితోనూ అనకక్కా. రుద్దేదానికే నడుం పోయిందంటే నా బల్లెక్కి ఎవరు పడుకుంటారు?"

నొప్పి పట్టీలు నల్లబట్టల కింద దాచి అతికించుకునేది. మధ్యాహ్నం జనం పల్చబడ్డాక వేడి తొట్టిలో కాసేపు కూర్చునేది. ఒకరోజు ఒక పట్టీ ఊడి నీళ్లలో తేలిపోయింది. ఆ తర్వాత తొట్టిలో దిగింది మేంగ్ టీచరమ్మ. డెబ్బై నాలుగేళ్లు, నలభై ఏళ్లు బడి నడిపిన మనిషి. లేచి నిలబడేసరికి ఆ పట్టీ ఆవిడ భుజానికి పతకంలా అంటుకుని ఉంది.

"ఎవరిదిది?"

తరగతి గదిలో అడిగినట్టే అడిగింది. 'పట్టీలతో తొట్టిలో దిగరాదు' అని గోడమీద రాసింది నేనే. గ్వీరే ముఖం పాలిపోయింది. నా నోరు నాకంటే ముందు పరిగెత్తే రకం.

"నాదండీ."

"నువ్వా? బట్టలేసుకుని గుమ్మంలో నిలబడ్డావు కదా?"

"పొద్దున్న తొట్టి కడుగుతుంటే పడిపోయుంటుందండీ."

అంతే, ఆ రోజు నుంచి మా పేటకి నడుంనొప్పి రోగిని నేనే. నా నడుం నిక్షేపంగా ఉన్నా ప్రతి ఒక్కరూ వైద్యం చెప్పడమే. చేపలమ్మే తోక్కిమ్ అయితే సీసాలో జెర్రి పొడి పట్టుకొచ్చింది.

"మా మరిది నాలుగు నెలలు మంచంమీదున్నాడే. ఇది మింగాక పరిగెత్తాడు తెలుసా?"

"ఎక్కడికి?"

"మరుగుదొడ్డికి. అయినా పరిగెత్తాడా లేదా?"

ఇంకొకావిడ నన్ను పార్కుకి లాక్కెళ్లి తలకిందులుగా వేలాడే యంత్రానికి కాళ్లు కట్టింది. చొక్కా జారి మొహం మీద పడింది. ఎటూ కనిపించడం లేదు, కాళ్లు విప్పుకోవడం చేతకావడం లేదు. చదరంగం ఆడుతున్న ముసలాళ్లు ఆట ఆపారని మాత్రం చప్పుడు ఆగడాన్ని బట్టి తెలిసింది. ఆ వారమంతా ఆ దారిన నడవలేదు.

నవ్వుకునే రోజులు కావవి. యజమానురాలు ప్యో కళ్లు డేగ కళ్లు. గ్వీరే ఒక్కొక్కరి తర్వాత గోడకి ఆనుకోవడం చూసేసింది. కొత్త పంటల చుసోక్ పండగకి ఇంకా ఏడు వారాలు. పెద్దలకి నైవేద్యం పెట్టబోయే ముందు ఒళ్లు రుద్దించుకోని ఇల్లు మా పేటలో ఉండదు. పండగ ముందు మూడు రోజులూ బల్ల మీద తడి ఆరదు.

"ఇక్సాన్ ఊరి నుంచి రుద్దడానికి ఒకామె వస్తానంటోంది, ముప్పై ఎనిమిదేళ్లు," అంది ప్యో. "పండగ ముందు మూడు రోజులు నిలబడ్డావా, బల్ల నీది. లేదంటే ఆమెని పిలుస్తాను. నన్ను తిట్టుకోకు."

ఇద్దరం ఆస్పత్రికి వెళ్లాం. అద్దాల మేడలో కుర్ర డాక్టరు స్కానింగ్ ఫొటో చూపించి, నాలుగో ఎముకకీ ఐదో ఎముకకీ మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందనీ, రెండు వారాలాగి మంగళవారం ఆపరేషన్ ఖాళీ ఉందనీ చెప్పాడు. గ్వీరే సరేనని వచ్చేసి రాత్రంతా ఏడ్చింది. మర్నాడు నేనే పాత బజారులో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఫొటో కంటే ముందు మనిషిని చూశాడు. మడమల మీద నడిపించాడు. కాలి బొటనవేలు పైకెత్తమని తన వేలితో కిందికి నొక్కాడు. కూర్చునే చోట తిమ్మిరి ఉందా, మూత్రం సరిగా వస్తోందా అని అడిగాడు.

"వేలు గట్టిగా ఉంది. తొందర లేదు. చాలామందికి కొన్ని వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. నరం పక్కన ఒక ఇంజక్షన్ ఇస్తాను, అది నడవడానికి, పని చేయడానికి కాదు. వేలు వాలిపోయినా మూత్రం ఆగినా ఆ రోజే పరిగెత్తుకురా. అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించడానికి కూడా టైముండదు."

బస్సు దిగాక గ్వీరే అంది: "ఇద్దరూ డాక్టర్లే. ఎవరి మాట వినను? నాకు తెలిసింది వీపులొకటే. వాటినే అడుగుతాను."

ఆపరేషన్ మచ్చ ఉన్న వీపులు మా దగ్గరకొచ్చేవి మూడు. సూదుల మచ్చలు, నొప్పికి కప్పులు బోర్లించిన గుండ్రటి వాతలు లెక్కలేనన్ని. పది రోజులు గమనించింది. మొదట్లో మచ్చల్నే చూసేది. తర్వాత చూపు మారింది.

"మచ్చ చూస్తే కోశారని తెలుస్తుందక్కా, కుదిరిందో లేదో తెలీదు. బల్ల మీంచి ఎలా లేస్తున్నారో చూడాలి."

మచ్చలున్న ముగ్గురిలో ఇద్దరు హాయిగా లేచేవాళ్లు. వాళ్లలో ఒకామెకి పాదం వాలిపోయాక కోశారట, అదే ఆమెని నిలబెట్టింది. మూడో ఆమె ఇప్పటికీ మూలుగుతూ లేచేది. అందరికంటే బాగా లేచింది మాత్రం ఒక్క మచ్చా లేని మేంగ్ టీచరమ్మ. పక్కకి దొర్లి, చేయి ఆన్చి, చటుక్కున లేచేది.

"మీకెప్పుడూ నడుం నొప్పి రాలేదాండీ?" అని అడిగింది గ్వీరే, రుద్దుతూనే.

"యాభయ్యో ఏట డిస్క్ జారింది. రోజూ నడిచాను. వంగడం మానేసి, తుంటి దగ్గర మడత పెట్టడం నేర్చుకున్నాను." టీచరమ్మ తల తిప్పి బల్ల కాళ్లవైపు చూసింది. "అది సరే, ఈ బల్ల ఎవరి ఎత్తుకి చేయించారు?"

గ్వీరే చేయి ఆగిపోయింది. నేను తువ్వాళ్లు పక్కన పెట్టి వంగి చూశాను. ఆ బల్ల అంతకుముందు రుద్దిన అవ్వ కోసం చేయించింది. ఆ అవ్వ నా భుజం దాకా కూడా వచ్చేది కాదు. ఆవిడ పోయాక గ్వీరే ఆ పనిలోకి వచ్చింది. బల్ల మార్చాలన్న ఆలోచన ఇరవై ఒక్క ఏళ్లలో ఒక్కరికీ రాలేదు. రోజూ తుడిచింది నేనే, నాకూ రాలేదు.

బల్ల కాళ్లు పెంచమంటే ప్యో ఒప్పుకోలేదు. "జానెడు పెంచితే మన ముసలమ్మలు ఎక్కగలరా? జారి పడితే ఎవరు మోస్తారు?"

టీచరమ్మ తొట్టిలోంచి లేచి వచ్చింది. రెండు ప్లాస్టిక్ పీటలు బల్ల మీద పేర్చింది, జానెడు ఎత్తు. "ఇప్పుడు చూడు," అని, నీళ్లు కారుతున్న ఒంటితో తొట్టి గట్టు మీద కాలేసి ఆ పీటల పైకెక్కి దర్జాగా కూర్చుంది. "ఎక్కానా? ఎవరైనా పడ్డారా?"

ఆ వయసు మనిషిని ఆ అవతారంలో ఎదురుగా పెట్టుకుని ఎవరు మాత్రం వాదిస్తారు? ప్యో చూపు కిందికి దించుకుని ఇనప పనివాడికి ఫోన్ చేసింది. కొత్త కాళ్లొచ్చాయి, ఎక్కడానికి గరుకు మెట్టొచ్చింది.

గ్వీరే మంగళవారం ఆపరేషన్ వద్దని ఫోన్ చేసింది. నాలుగు వారాలు సగం పనే చేసింది. పొద్దున్నే రేవు గట్టున ఇద్దరం నడిచేవాళ్లం. మొదటి రోజు ఐసు ఫ్యాక్టరీ దాకా వెళ్లేసరికి పళ్లు బిగపట్టింది. ప్రతి ఆదివారం బొటనవేలు ఎత్తి చూపించేది, నేను నొక్కేదాన్ని. రెండో వారం నొప్పి తిరగబెట్టింది. "ఆ మంగళవారం కోయించుకుని ఉంటేనే మేలేమో" అంది. పెద్ద డాక్టరు మళ్లీ నొక్కి చూసి నడవమన్నాడు. నడిచింది. ఐదో వారానికి దీపస్తంభం దాటాం. వెనకబడింది నేను.

పండగ ముందు మూడు రోజుల్లో ఆఖరిది. తాళంచెవులన్నీ అయిపోయి జనం మెట్ల మీద నిలబడ్డారు. గ్వీరే నిటారుగా నిలబడి పొద్దున్నుంచి రుద్దుతోంది. ఒక్కసారి కూడా గోడకి ఆనుకోలేదు. ఇరవై మూడో మనిషి తోక్కిమ్. మెట్టెక్కుతూ అందరికీ వినబడేలా అరిచింది:

"కౌంటరక్కా! నీ నడుం ఎలా ఉంది? జెర్రి పొడి పనిచేసిందా?"

నేను నోరు తెరిచేలోపు గ్వీరే బల్ల మీద ఛట్‌మని కొట్టింది.

"ఆ పట్టీ నాది. నడుం పోయింది నాది. అక్కది కాదు. జారిన డిస్క్‌తోనే మీ అందర్నీ రుద్దాను. ఇప్పుడు మూడు రోజుల్నించీ రుద్దుతున్నాను. భయమేసినవాళ్లు దిగిపోండి."

ఎవరూ కదల్లేదు. గుమ్మంలో ప్యో చేతులు కట్టుకుని నిలబడింది. తోక్కిమ్ బల్ల మీద వెల్లకిలా పడుకుంది.

"అందుకేనా ఇన్నాళ్లూ మెత్తగా రుద్దావు? ఇవాళైనా గట్టిగా కానీ."

స్నానశాల మొత్తం గొల్లుమంది. ప్యో కౌంటర్ దగ్గరికొచ్చి, ఇక్సాన్ ఆమె నంబరు రాసుకున్న కాగితంతో తడి చేతులు తుడుచుకుని బుట్టలో పడేసింది.

లోపల్నుంచి ఛట్ ఛట్‌మని వినిపించింది. నేనూ, ప్యో, తువ్వాళ్ల కోసం వచ్చిన టీచరమ్మా, ముగ్గురం అలవాటుగా పక్కకి తిరిగాం.