ఎదురుకాళ్ల వైద్యం

మా అక్క తల పుట్టుకతోనే ఎడమ భుజం మీదికి వాలి ఉండేది. బడికి పోతుంటే "ఓ మెడవంకరదానా, ఎటు జూస్తున్నవే?" అని పిల్లలు వెంటబడేవాళ్లు.

నెల్లికుదురు దగ్గర మా ఊళ్లో మెడ పట్టినా, నడుము పట్టినా ఎదురుకాళ్లతో పుట్టిన మనిషి చేత తొక్కించేవాళ్లు. తల కాకుండా కాళ్లు ముందుగా బయటికి వచ్చినవాళ్ల పాదంలో గుణం ఉంటుందట. మా వాడలో అట్లా పుట్టిన అవ్వ ఒకామె ఉండేది. బాపు అమావాస్య అమావాస్యకు అక్కను ఎత్తుకొని ఆమె దగ్గరికి పోయేవాడు. అవ్వ మడమ మెడ మీద మోపేది. అక్క చాపను గుప్పిళ్లతో పట్టుకొని ఏడ్చేది.

పెద్దయ్యాక నేను జనగామలో మూఢనమ్మకాల మీద పెట్టిన సభల్లో ఈ తొక్కుడును ఏకిపారేశాను. పాదానికి వైద్యం నేర్పిందెవరని అడిగితే జనం చప్పట్లు కొట్టారు. మరి చదువుకున్నవాళ్లు చేసిందేమిటి? దవాఖానలో అక్కకు మెడపట్టీ రాసిచ్చారు. అవ్వ చూసింది మెడనే, వీళ్లు చూసిందీ మెడనే. ఆ ముఖంలో రెండు కళ్లున్న సంగతి ఎవరికీ పట్టలేదు.

పోయినేడు పత్తి ఏరుతుంటే ఒక్క కాయ రెండుగా కనబడుతోందని అక్క చెప్పింది. కిందికి చూస్తే మరీ ఎక్కువట. మానుకోటలో కంటి డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాను. ఆమె అక్క కుడి కన్నును అరచేత్తో మూసింది. అక్క తల తనంత తానే మెల్లగా పైకి లేచింది.

"ఏందే గిది! మెడ లేస్తాంది తమ్మీ!" అక్క నవ్వింది.

సగం లేచి ఆగిపోయింది. డాక్టరమ్మ చెయ్యి తీయగానే మళ్లీ వాలింది.

కుడి కంట్లో ఒక చిన్న కండరం పుట్టుకతోనే పడిపోయిందనీ, దానివల్ల ఆ కన్ను పైకి జరిగి ఒకటి రెండుగా కనబడుతుందనీ, ఒక్కటిగా చూసుకోవడానికే పసిపిల్ల తల వాల్చడం నేర్చుకున్నదనీ, వయసు మీదపడి ఇప్పుడు ఆ వాల్చడం కూడా చాలడం లేదనీ ఆమె వివరించింది. ఆపరేషన్‌తో రెండుగా కనబడటం పోతుందన్నది.

"రెండు కనబడితె కనబడనీ డాక్టరమ్మా. మెడ నిలబడతదా?"

"ఇన్నేళ్లకు మెడ కండరాలు బిగుసుకుపోయినయి అక్కా. పూర్తిగా రాకపోవచ్చు."

"చిన్నప్పుడే తెస్తే?"

"నిలబడేది" అన్నది.

హైదరాబాదులో ఆపరేషన్ అయింది. కాయ ఒక్కటే కనబడుతోంది. తల మాత్రం కొంచెం లేచి అక్కడే నిలిచిపోయింది. అన్నేళ్లు వాలిన వైపు ముఖం చిన్నగా ఎదిగింది, అది ఇక మారదు. అద్దం ముందు అక్క తలను చేత్తో నిలువుగా పట్టుకొని చూసుకున్నది. చెయ్యి వదిలి అద్దాన్ని గోడకేసి తిప్పింది.

మంచం పట్టిన బాపు ఊరి నుంచి ఫోను చేశాడు. స్పీకరు పెట్టాను.

"మెడ నిలబడ్డదా బిడ్డా?"

అక్క నా చేతిలోంచి ఫోను లాక్కున్నది. "నిలబడ్డది బాపూ. సక్కగ నిలబడ్డది."

"నేను జెప్పలే! అవ్వతోని గన్నిసార్లు తొక్కిపిస్తి. గదంత ఉత్తగ యాడికి వోతది? మీ తమ్ముడే ఊకె కొట్లాడె. గిప్పుడేమంటడు వాడు?"

నేను నోరు తెరిచాను. వాలిన తలతోనే అక్క నా వైపు చూసి, ఆపమన్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏమంటడు బాపూ, గమ్మునున్నడు" అన్నది.

అవతల బాపు నవ్వుతున్నాడు. చాలా రోజుల తర్వాత విన్నాను ఆ నవ్వు.