పైసలెవరివో చెప్పి చదివిన గొంతు

పోయిన నెల ఒక పొద్దున మా మేనత్త పోయింది. నాందేడ్ నుంచి మామయ్య ఫోన్ చేసి, "మీ అత్తమ్మ లేదు బిడ్డా. నిద్రలనే పోయింది" అని ఫోన్ పెట్టేశాడు. మధ్యాహ్నానికల్లా ఒక సందేశం అందరి ఫోన్లలోనూ తిరిగింది: 'నాందేడ్ స్వరం మూగబోయింది'. అది రాసిందెవరో కింద పేరు లేదు. ఆమె చూసి ఉంటే ఊరుకునేది కాదు. "మూగవోవుడేంది? సచ్చిపోయింది అని సాఫ్‌గ రాయుండ్రి. రాసినోళ్లు పేరు పెట్టుండ్రి" అనేది.

ఆమెను ఎరగని పాఠకుల కోసం చెబుతాను. మహారాష్ట్రలో, తెలంగాణ అంచున ఉన్న మా ఊరు కర్ఖేలిలో రైతు ఇంట పుట్టి, నాందేడ్‌లో గాజుల దుకాణం నడిపే ఇంటికి కోడలైంది. గొంతు బాగుందని ఎవరో చెబితే అక్కడి కేబుల్ చానల్‌లో సాయంత్రం వార్తలు చదవడానికి చేరింది. మొదట మరాఠీలో, తర్వాత తెలుగులో. మార్కెట్ ధరలు, నల్లా నీళ్లు వచ్చే వేళలు, తప్పిపోయిన పిల్లల ఆనవాళ్లు. నేను కాలేజీ చదువుకు వాళ్లింట్లోనే ఉన్నాను. సాయంత్రాలు ఆమె వెంట స్టూడియోకు వెళ్లేదాన్ని. స్టూడియో అంటే మందుల దుకాణం మీద ఒక గది, మధ్యలో అద్దం.

చదవబోయే ప్రతి కాగితాన్నీ ముందు తనలో తాను గొణుక్కుంటూ చదివేది. పిల్లాడు తప్పిపోయాడని చీటీ వస్తే, ఆ ఇంటికి తనే ఫోన్ చేసి కనుక్కున్నాకే చదివేది. "జనం నా మొఖం జూసి నమ్ముతరు. రాసిచ్చినోడు వాళ్లకు కనవడడు గద" అనేది.

మహానగరపాలిక ఎన్నికలప్పుడు చానల్ యజమాని ఒక చిన్న సినిమా తెచ్చాడు. అందులో కొందరు ఆడవాళ్లు ఒక అభ్యర్థిని మెచ్చుకుంటారు. నీళ్ల పైపుల పని మీద సభలో నిలదీసిన మహిళా కార్పొరేటర్‌ను తిట్టిపోస్తారు. దానికి ముందు 'నగర ప్రజల మనసులో మాట' అని వార్తలా చదవమన్నాడు.

"గిది ఖబరా, జాహిరాతా?" అని అత్తమ్మ అడిగింది, వార్తా ప్రకటనా అని.

"జాహిరాతే అక్కా. కని ఖబర్ లెక్కనే చదువు."

"పైసలెవరియి?"

"ఏదో మిత్రమండలి అంట."

"ఎవలకు మిత్రులు వాళ్లు? యాడుంటరు?"

విసుగ్గా చిరునామా చెప్పాడు. మర్నాడు అత్తమ్మ నన్ను తీసుకుని పాత ధాన్యం మార్కెట్ మొంఢా వెనక సందులోకి వెళ్లింది. ఆ చిరునామాలో దించిన షట్టర్ ఉంది. ఎదురుగా టీ కొట్టాయన మమ్మల్ని చూసి నవ్వాడు. "మండలి గిండలి ఏం లేదమ్మా ఈడ. గది పైపుల గోదాం. గా నీళ్ల పైపులేసే గుత్తేదారుది."

అత్తమ్మ టీ సాసర్‌లో పోసుకుని నెమ్మదిగా తాగింది. "అర్థమైందా బిడ్డా? పైపులేసినాయన పైసలిచ్చి, పైపుల గురించి అడిగినామెను తిట్టిస్తున్నడు. నడుమ నా గొంతు కావాలె" అంది.

ఆ సాయంత్రం కార్యక్రమం ప్రత్యక్ష ప్రసారం. నేను అద్దం ఇవతల యజమాని పక్కన నిలబడి ఉన్నాను. ఆమె ఎప్పటిలాగే ధరలు చదివి, తలెత్తి కెమెరాలోకి చూసింది. "ఇప్పుడు మీరు చూడబోయేది వార్త కాదు, ఎన్నికల ప్రకటన. దీనికి డబ్బు ఇచ్చింది ఒక మిత్రమండలి అని మాకు చెప్పారు. ఆ చిరునామాకు నేను వెళ్లి చూశాను. అక్కడ మండలి లేదు, నీళ్ల పైపుల గుత్తేదారు గోదాం ఉంది. ఇక చూడండి" అంది. అదే మాట మరాఠీలోనూ చెప్పింది. యజమాని తల పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు.

మరుసటి రోజు గుత్తేదారు మనిషి గాజుల దుకాణానికి వచ్చాడు. దుకాణం గది, అక్కడ గాళా అంటారు, మహానగరపాలిక వాళ్లది, మాది కిరాయి. ఆ సంగతే తియ్యగా గుర్తుచేశాడు. "గాళా మళ్ల మీకే రావాల్నంటే ఇంట్ల జెర చెప్పుకో సేఠ్."

మామయ్య మెతక మనిషి. ఎదురు మాట్లాడడం నేనెన్నడూ వినలేదు. అరచేతిలో ఉన్న గాజుల జతను పెట్టెలో పెట్టి, "నాకు గాజులమ్ముడొచ్చు భయ్యా. గాళాలనే అమ్మాలని ఏం లేదు. బండి మీద గూడ అమ్ముత" అన్నాడు. అత్తమ్మ లోపల నుంచి వింటోంది. ఆ రాత్రి ఆయనకు ఇష్టమైన జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం చేసింది.

స్టూడియోలో యజమాని క్షమాపణ రాసి ఉన్న కాగితం ఇచ్చాడు. "ఇంత మాఫీ అడుగు అక్కా. బాత్ ఖతం."

ఆమె అలవాటు ప్రకారం గొణుక్కుంటూ అంతా చదివింది. "మంచిగనే రాసిండ్రు. రాసిందెవరు?"

"నీకెందుకు?"

"నేను చదివే ముందల 'గీ మాఫీ ఫలానాయన రాసిచ్చిండు' అని చెప్పాలె గద. పేరు చెప్పు, ఇప్పుడే చదువుత."

యజమాని ఆ కాగితాన్ని లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. "రేపటి సంది రాకు" అన్నాడు. అత్తమ్మ కళ్లజోడు తుడుచుకుని, అందరికీ నమస్తే చెప్పి, మెట్లు దిగింది. సగం మెట్లలో ఆగి రెయిలింగ్ పట్టుకుంది. కళ్లజోడు తీసి కొంగుతో కళ్లు ఒత్తుకుంది. "ఏడుస్తున్ననని అనుకోకు. కోపమొస్తుంది" అంది. రెండూ ఉన్నాయి.

ఇంటికి పోలేదు. తిన్నగా కలెక్టర్ కార్యాలయానికి, ఎన్నికల ప్రకటనలు పరిశీలించే సమితి దగ్గరకు వెళ్లింది. అక్కడి గుమస్తా "మీరు ఏ పార్టీ?" అని మరాఠీలో అడిగితే, "టీవీ చూసే పార్టీ" అంది. పదే పదే తిరిగింది. ఆ సినిమాకు అనుమతే లేదని తేలింది. ప్రసారం ఆపించారు. దాని ఖర్చును అభ్యర్థి లెక్కలో కలిపారు. ఇకపై ప్రతి ఎన్నికల ప్రకటన మీదా డబ్బు ఇచ్చినవారి పేరు వేయాలని ఆ చానల్‌కు తాకీదు ఇచ్చారు.

ఆ అభ్యర్థి గెలిచాడు. ఊరేగింపు మా గల్లీలోంచే పోయింది. "గెలవనీ. ఎవని పైసలతోని గెలిచిండో ఊరికి తెలిసింది. ఇగ ఐదేండ్లు మొఖమ్మీదనే అడుగుతరు" అంది. అడిగారు కూడా. గాళా మాత్రం పోయింది. మామయ్య అన్నంత పనీ చేసి, చాలా కాలం తోపుడు బండి మీద గాజులు అమ్మాడు. అత్తమ్మ పక్కనే నిలబడి ఆడవాళ్లకు గాజులు తొడిగేది. కొనడానికి వచ్చినవాళ్లు గొంతు గుర్తుపట్టి, "నువ్వు టీవీల ఆమెవే గద" అనేవాళ్లు. వాళ్ల చేతులు తన చేతుల్లో ఉండగానే, నిన్న ఏం ప్రకటన చూశారో, కింద పేరు ఉందో లేదో అడిగేది.

చివరి ఏళ్లలో ఎన్నికలకు ఫోన్‌లో రికార్డు చేసిన గొంతులు వచ్చేవి. వాటితోనూ వాదించేది. "గదంత సరే తమ్మీ, నీకు పైసలిచ్చిందెవరు?" గొంతు తన దారిన తాను మాట్లాడుతూనే ఉండేది. ఈమె మళ్లీ అడిగేది. మేం నవ్వేవాళ్లం. ఆమె నవ్వేది కాదు.

దినాలు ఆమె పుట్టిన ఊరు కర్ఖేలిలోనే చేశాం. భోజనాలు అవుతుండగా, పెద్ద తెర కట్టిన ఎన్నికల ప్రచార బండి ఒకటి ఊళ్లోకి వచ్చింది. తెర మీద ఎవరో మా ఊరి నీళ్ల గురించి, మా ఊరి రోడ్ల గురించి గట్టిగా చెబుతున్నారు. వంటల దగ్గర ఉన్న ఆడవాళ్లు చేతులు కడుక్కుని లేచారు. నా పిన్ని బండి ముందుకు వెళ్లి నిలబడింది. "గీ సిన్మాకు పైసలెవరియి?"

"నాకేం ఎరుకమ్మా, నేను డ్రైవర్‌ను" అన్నాడు లోపలి మనిషి.

"ఎరుకైనోళ్లకు ఫోన్ చెయ్యి. మేమీడనే ఉంటం."

అతను తెర ఆర్పేసి ఫోన్ చెవికి పెట్టుకున్నాడు. అవతల ఎవరూ ఎత్తడం లేదు. ఇంకొందరు ఆడవాళ్లు కొంగులు నడుముకు దోపుకుంటూ ఇళ్లలోంచి వచ్చారు. ఎండలో ఇంజిన్ గురగురమంటోంది. నల్లటి తెర ఎదుట అందరూ నిలబడి ఉన్నారు, ఒక్కరూ దారి ఇవ్వకుండా.