తాళం ఫ్లాపీకి పెట్టిన బొట్టు

1983 జూన్‌లో నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర, ఒక బట్టల దుకాణం పై అంతస్తులో, పన్నుల సలహాదారుగా బోర్డు కట్టాను. అంతకుముందు తొమ్మిదేళ్లు రైసుమిల్లులో అకౌంటెంటుగా పనిచేశాను. మా వృత్తిలో చార్టర్డ్ అకౌంటెంట్లది పై మెట్టు. ఆడిట్ నివేదికల మీద వాళ్లే సంతకం పెట్టాలి. నాలాంటి ప్రాక్టీషనరుది కింది మెట్టు. చిన్న వ్యాపారుల రిటర్నులు తయారుచేయడం, ఆఫీసరు పిలిస్తే వాళ్ల తరఫున వెళ్లి నిలబడడం, అంతవరకే. జనం ఈ తేడాలు పట్టించుకోకుండా నన్ను వకీల్ సాబ్ అనేవారు. బోర్డు కట్టిన వారంలోనే ఒక అవ్వ దవడ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. ఇవి ఆ పన్నులు కావని చెబితే, "మరి బోర్డెందుకు పెట్టినవ్ బిడ్డా?" అని కోప్పడి దిగిపోయింది. నొప్పి విషయంలో రెండింటికీ పెద్ద తేడా లేదని తర్వాత నా క్లయింట్లు చెప్పారు.

1993లో అప్పు చేసి కంప్యూటరు కొన్నాను. దాంతోపాటు హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ రాసిన పన్నుల ప్రోగ్రాం తీసుకున్నాను. ఏడాది కొనుగోళ్లు, అమ్మకాలు, ఖర్చులు ఎక్కిస్తే లాభనష్టాల పట్టీ, పన్ను లెక్క అదే వేసి ఇచ్చేది. అయితే దాన్ని రాసినవాళ్లకు దొంగల భయం ఎక్కువ. ప్రోగ్రాం కంప్యూటరు లోపలే ఉన్నా, మొదలుపెట్టిన ప్రతిసారీ వాళ్లిచ్చిన ఒక ఫ్లాపీ కంప్యూటరు ముందున్న అరలో, అంటే డ్రైవులో, ఉండి తీరాలి; లేకపోతే ఎక్కించిన లెక్కలు కూడా కనబడవు. దాన్ని మేము తాళం ఫ్లాపీ అనేవాళ్లం. ఫ్లాపీని చూడనివాళ్లకు చెబుతున్నాను: అరచేతి కన్నా కొంచెం పెద్దది, పలచటి నల్లని చదరం. లోపల గుండ్రటి రేకు తిరుగుతుంది. కవరుకు ఒకచోట కోలగా చిన్న కిటికీ ఉంటుంది; యంత్రం ఆ కిటికీలోంచే రేకును చదువుతుంది. తాళం ఫ్లాపీకి నకలు తీయడం కుదరదు. పాడైతే పాతది వాపసు ఇచ్చి కొత్తది తెచ్చుకోవాలి.

కంప్యూటరు పని చూసేది వసంత. టైపు ఇన్‌స్టిట్యూట్‌లో పన్నెండేళ్లు పాఠాలు చెప్పి నా దగ్గర చేరింది. యజమానిని నేనే గానీ, కంప్యూటరు ఆమె మాటే వినేది.

అప్పట్లో ఆడిట్ అవసరం లేని వ్యాపారులకు రిటర్ను గడువు ఆగస్టు 31. గడువు దాటితే మామూలుగా కొంత వడ్డీ పడుతుంది, ఒక నోటీసు వస్తుంది, అంతటితో సరి. కానీ ఆ ఏడు వ్యాపారంలో నష్టం వచ్చినవాడికి అట్లా కాదు. గడువులోగా రిటర్ను వేస్తేనే ఆ నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకుపోయి, తర్వాతి లాభాల్లో తగ్గించుకునే హక్కు ఉంటుంది. ఒక్కరోజు ఆలస్యమైనా హక్కు పోతుంది.

1995లో అట్లాంటి క్లయింటు నాకు ఒక్కడే ఉన్నాడు. మోత్కూర్‌లో గొర్రె, మేక తోళ్ల వ్యాపారం చేసే యాకూబ్ భాయ్. ముందటి ఏడు వానలకు ఆయన గోదాము కప్పు కూలి, ఉప్పు పెట్టి పేర్చిన తోళ్లు సగానికి పైగా కుళ్లిపోయాయి. ఆ దెబ్బ నుంచి తేరుకుని మళ్లీ కొనుగోళ్లు మొదలుపెట్టాడు. రాబోయే రెండుమూడేళ్ల లాభానికి పన్ను పడకపోతేనే నిలబడతాడు. ఆ మాట నాతో మూడుసార్లు అన్నాడు. జూలైలో వసంత ఆయన లెక్కలన్నీ ఎక్కించింది. "అంతా కంప్యూటర్‌లోకి ఎక్కింది, ఇక ఫికర్ లేదు," అని నేనే బిల్లుల సంచి ఆయనకు వాపసు ఇచ్చేశాను. ప్రింటు తీయలేదు. రిబ్బను ఖరీదెక్కువ, చివర్లో అన్నీ ఒకేసారి తీయవచ్చు అనుకున్నాను.

ఆ ఏడు వినాయక చవితి గడువుకు రెండు రోజుల ముందు వచ్చింది. ఏటా చవితినాడు ఆఫీసులో లెడ్జర్లు దేవుడి ముందు పెట్టి, నాలుగు మూలలా పసుపు రాసి, అట్ట మీద బొట్టు పెట్టడం నా అలవాటు. ఇప్పుడు లెడ్జర్లన్నీ కంప్యూటర్‌లోకి వెళ్లాయి గనుక ఆ మర్యాద దానికే జరగాలి కదా. వసంత సెలవులో ఉంది. నేను ఒక్కణ్ణే తాళం ఫ్లాపీని పీట మీద పెట్టి, దీనికి మూలలు ఉన్నాయి, ముఖం ఎక్కడని ఆలోచించాను. ఆ కోల కిటికీ అచ్చం నుదురులా కనిపించింది. తడి పసుపు, దాని మీద కుంకుమ, నిండుగా పెట్టాను. విఘ్నాలు తొలగించే దేవుడికి ఆ ఏడు విఘ్నాన్ని నేనే తయారుచేసి నైవేద్యం పెట్టానని అప్పుడు తెలియదు.

మరునాడు పొద్దున ఆఫీసుకు రాగానే ఆత్రంగా నేనే కంప్యూటరు వేసి ఫ్లాపీ పెట్టాను. తాళం దొరకలేదని తెర మీద వచ్చింది. ఫ్లాపీ తీసి మళ్లీ పెట్టాను. మూడోసారికి డ్రైవులోంచి తిరగలి విసిరినట్టు చప్పుడు వచ్చింది. అప్పుడే వసంత వచ్చింది. ఫ్లాపీని వెలుతురుకు పెట్టి చూసింది.

"సార్, గీనికి బొట్టెవరు వెట్టిన్రు?"

నేనేనన్నాను. నుదుటి మీద పెట్టానని కూడా చెప్పుకున్నాను.

"గది నుదురు గాదు సార్, కన్ను. కండ్లల్ల కుంకుమ గొట్టిన్రు," అంది.

ఇంకా పదిహేడు రిటర్నులు మిగిలి ఉన్నాయి. పదహారింటికి పన్ను చాలావరకు ముందే కట్టించాను. ఆలస్యమైతే పోయేది కాస్త వడ్డీ, నా పరువు, అంతే. పదిహేడోది యాకూబ్ భాయ్‌ది. ఎస్.టి.డి. బూతు నుంచి కంపెనీకి ఫోను చేస్తే, పాతది తెస్తే కొత్తది ఇస్తామన్నారు. బస్టాండుకు పరుగెత్తుతుంటే వసంత మెట్ల మీద నుంచి కేకేసింది: "కొత్తది తెచ్చినంక జర ఆగుండ్రి సార్! ముందుగాల డ్రైవు తుడవాలె. దాన్ల పసుపున్నది."

చిట్యాల దాకా బస్సు బాగానే నడిచింది. అక్కడ టైరు పోయింది. టైరు మార్చే అరగంట నేను రోడ్డు పక్కన నిలబడి, గడువు దాటితే యాకూబ్ భాయ్‌కి ఏం చెప్పాలో మనసులో రాసుకున్నాను, కొట్టేశాను. చవితి చంద్రుణ్ణి చూస్తే నీలాపనిందలు వస్తాయంటారు. నేను చూడలేదు. అందుకే కాబోలు నా మీదికి వచ్చేది అపనింద కాదు, అసలైన నింద. హైదరాబాద్ కంపెనీలో కుర్చీలో కూర్చున్నతను పాత ఫ్లాపీని వాసన చూసి, నన్ను ఒకసారి చూసి, ఏమీ అడగకుండా కొత్తది ఇచ్చాడు. ఏదైనా అడిగి ఉంటే బాగుండేదనిపించింది.

సాయంత్రం ఆరింటికి ఆఫీసుకు చేరాను. వసంత కుర్చీ ఖాళీగా ఉంది. డ్రైవు తుడవడానికి స్పిరిటు, దూది తేవడానికి మందుల దుకాణానికి వెళ్లింది. అయిదు నిమిషాల్లో వస్తుంది. ఆ అయిదు నిమిషాలు నేను ఆగలేకపోయాను. పొద్దుటి నుంచి నా గుండె చేస్తున్న చప్పుడు ఆగాలంటే తెర మీద ఆ ప్రోగ్రాం పేరు కనబడాలి, అంతే. కొత్త ఫ్లాపీని డ్రైవులో పెట్టాను. తిరగలి చప్పుడే వచ్చింది. తీసి చూస్తే కిటికీలో రేకు మీద పసుపు పచ్చటి గీత, పక్కనే గోరుతో గీకినట్టు మరొకటి. వసంత దూదితో వచ్చి చూసి, సీసా బల్ల మీద పెట్టింది. రెండుసార్లూ తప్పు నా చేతిదే.

ఇంకో ఫ్లాపీ తేవడానికి, డ్రైవు మార్పించడానికి ఇక వ్యవధి లేదు. వసంతే అంది: "కంప్యూటర్ రాకముందు చేతితోనే రాస్తుండె గద సార్."

పదేళ్లు చేతితోనే రాశాను. రాసే ఫారం ఉంది, చేయి ఉంది. లెక్కలే మోత్కూర్‌లో ఉన్నాయి. మా దగ్గర కాగితం మీద మిగిలింది ఒక్కటే: యాకూబ్ భాయ్ తరఫున నెలనెలా సేల్స్ టాక్స్ ఆఫీసుకు వేసిన రిటర్నుల కార్బను కాపీలు. వాటిలో నెలవారీ కొనుగోళ్ల మొత్తాలు మాత్రమే ఉంటాయి.

31వ తేదీ తెల్లవారి మొదటి బస్సులో కార్బను కాపీలు, ఖాళీ ఫారాలు, గోదాము కూలినప్పటి పంచనామా తీసుకుని మోత్కూర్ వెళ్లాను. యాకూబ్ భాయ్ తోళ్లకు ఉప్పు పట్టిస్తున్నాడు. నన్ను చూసి చేతులు దులుపుకుంటూ లేచాడు.

"ఏంది వకీల్ సాబ్, మీరే వచ్చిన్రు? కబురు వెడితే నేను రాకపోదునా?"

కంప్యూటర్ ఖరాబైందన్నాను. ఎట్లా అని అడిగాడు. అబద్ధం ఆలోచించే ఓపిక లేక ఉన్నదంతా చెప్పాను. ఆయన కాసేపు నా ముఖం, కాసేపు చేతికి అంటిన ఉప్పు చూశాడు.

"మేం ఖరాబు గావద్దని తోలుకు ఉప్పు వెడ్తం సాబ్. మీరు పసుపు వెట్టి ఖరాబు జేస్తిరి!" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "గీ పొద్దే ఆఖరు గద?" అన్నాడు.

అవునన్నాను.

బిల్లుల సంచి తెచ్చి కుమ్మరించాడు. మేము కట్టిన కట్టలు ఎప్పుడో విప్పేశారు. ఏడాది చీటీలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి. అయిదింటికి నల్లగొండలో ఇన్‌కంటాక్స్ ఆఫీసు ఇన్‌వర్డు కౌంటరు మూస్తారు. ఇవి విడదీయడానికే రెండు రోజులు కావాలి. యాకూబ్ భాయ్ లోపలికి వెళ్లి పెట్టె అడుగు నుంచి ఒక పొడుగాటి పుస్తకం తెచ్చాడు.

"గిది నా సొంత యాది కోసం రాసుకునేది. ఉర్దూల ఉంటది, మీకు సదువరాదని చూపియ్యలే."

నిజం చెప్పాలంటే ఆ పుస్తకం చూడగానే నాకు భయమేసింది. మాకు ఇచ్చిన లెక్కలు ఒకటి, ఇంట్లో దాచిన పుస్తకం మరొకటి అయితే, ఆ రెండోదాన్ని చూడకుండా ఉండడమే మా వృత్తిలో అందరూ పాటించే జాగ్రత్త. చూశాక చూడలేదనడం కుదరదు. అందులో అంకెలు వేరుగా ఉంటే నేను సంతకం పెట్టించాల్సింది నష్టం రిటర్ను కాదు, ఇంకేదో. కానీ చూడకపోతే రిటర్నే లేదు. నా చిన్నప్పుడు మహబూబ్‌నగర్ బడిలో నాలుగేళ్లు ఉర్దూ నేర్పారు. చాప మీద కూర్చుని పుస్తకం తెరిచాను.

అంగడి రోజున కొన్నవి, లారీకి ఎత్తినవి, వచ్చిన పైకం, కూలి, ఉప్పు ఖర్చు, వారం వారం వరుసగా ఉన్నాయి. ఆయన చదువుతుంటే నేను పేజీలో సరిచూస్తూ రాసుకున్నాను. నెల ముగిసినప్పుడల్లా కార్బను కాపీతో పోల్చాను. ఏప్రిల్ కలిసింది. మే కలిసింది. జూన్ దగ్గర నేను మంచినీళ్లు అడిగాను. జూన్ కూడా కలిసింది. జూలైలో గోదాము కూలిన తర్వాతి వారంలో ఒక రాబడి కనబడింది. అది మాకిచ్చిన లెక్కల్లో ఉన్నట్టు నాకు గుర్తులేదు. అడిగాను.

"గది అమ్మకం గాదు సాబ్. కుళ్లిన తోళ్లను సరేసు బంక కాచెటోళ్లు ఎత్తుకపోయిన్రు. ముక్కు మూసుకొని ఎంతిస్తే గంత తీసుకున్న. పారబోసినట్టే గద, గందుకే చెప్పలే."

పారబోసినా, దానికి పైకం వచ్చిందంటే రాబడే. నష్టంలో అంత తగ్గుతుందని చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నాడు. "కలుపుండ్రి. ఉన్నది ఉన్నట్టే రాయుండ్రి," అన్నాడు. మిగతా నెలలన్నీ కలిశాయి. ఒంటిగంటకు రెండో నంబరు ఫారం నింపి, లాభనష్టాల పట్టీ జతచేసి, ఆయన సంతకాలు తీసుకున్నాను. కూడికలు ఆయనా నేనూ విడివిడిగా చేశాం. ఆయన నోటి లెక్క నా కాగితం లెక్క కన్నా ముందే ముగిసింది.

తిరుగు బస్సు ఆలస్యంగా వచ్చింది. దారిలో గొర్రెల మంద రోడ్డు దాటుతుంటే డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. కాగితాలు పొట్టకు అదుముకుని, ఒక్కొక్క గొర్రెనూ లెక్కపెడుతూ కూర్చున్నాను. కొన్నిటి తోళ్ల ధర కూడా వేశాను. ఇన్‌కంటాక్స్ ఆఫీసు చేరేసరికి గుమస్తా కిటికీ తలుపు ఒక రెక్క మూసేశాడు. రెండో రెక్క నేను చేయి అడ్డం పెట్టడం వల్ల మూయలేకపోయాడు. విసుక్కుంటూనే కాపీ మీద ముద్ర కొట్టాడు. తేదీ సరిగ్గా పడిందో లేదో అని అక్కడే నిలబడి రెండుసార్లు చదువుకున్నాను.

మిగిలిన పదహారు రిటర్నులు డ్రైవు మార్పించి, మూడో తాళం ఫ్లాపీ తెచ్చి, సెప్టెంబరులో వేశాం. వాళ్లకు పడ్డ వడ్డీ నేను కట్టాను.

రెండేళ్ల తర్వాత ఆ నష్టం మీద ఆఫీసరు యాకూబ్ భాయ్ ఫైలు తనిఖీకి తీసుకుని నన్ను పిలిచాడు. పంచనామా చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: పాడైన తోళ్లకు ఏమీ రాలేదా? పట్టీలో బంకవాళ్ల వరుస చూపించాను. తర్వాత పెద్దగా ప్రశ్నలు రాలేదు, నష్టం మొత్తం నిలిచింది. చవితికి ముందే కంప్యూటరు నుంచి రిటర్ను తీసి ఉంటే ఆ వరుస అందులో ఉండేది కాదు. దాన్ని నా తెలివి ఖాతాలో వేసుకోలేను.

ఈ సంగతి నుంచి నేను పెట్టుకున్న పద్ధతి ఇది. ఎక్కించిన లెక్కలు ప్రింటు తీసి, క్లయింటు చేత చదివించి, సంతకం పెట్టించుకున్న తర్వాతే ఆయన కాగితాలు వాపసు ఇవ్వాలి. ఎక్కించడానికి ముందే, సొంత యాది కోసం ఏమైనా రాసుకుంటారా అని అడగాలి. 2009లో ఆఫీసు మూసేదాకా, నా దగ్గర పనికి చేరిన ప్రతి ఒక్కరికీ మొదటి రోజే ఈ మాట చెప్పాను. కారణం అడిగినవాళ్లను వసంత దగ్గరికి పంపాను. బొట్టు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.