వీరాయమ్మ చూసిన సగం బొమ్మలు

అల్లవరంలో మంత్రసాని వీరాయమ్మకి సినిమా అంటే ప్రాణం. కానీ పన్నెండేళ్ళలో ఒక్క బొమ్మ కూడా చివరిదాకా చూసి ఎరగదు. అమలాపురం టెంటు హాల్లో కూర్చుని, కథ మంచి పాకాన పడేసరికి ఎవరో ఒకరు బండి కట్టుకుని వచ్చేసేవారు. పురిటి నొప్పులు ఇంటర్వెల్లు చూసుకుని వస్తాయా? లేచి వెళ్ళిపోయేది. ఆఖరికి ఏమైందో మర్నాడు పక్కింటి సీతారత్నం చెబితే వినడమే.

పంతొమ్మిది వందల యాభైనాలుగులో హాలు యజమాని భీమరాజు గారు సినిమా పండగ పెట్టేరు. ఏడు రోజులు, రోజుకో బొమ్మ. నాలుగు పాతవి, మూడు కొత్తవి. కరపత్రం చదివించుకున్న వీరాయమ్మ ఊళ్ళో నెలలు నిండిన వాళ్ళెవరా అని చూసుకుంది. ఒక్క చిట్టిబాబు పెళ్ళామే. దానికింకా పదిహేను రోజుల టైముంది.

"ఏడూ చూసేస్తానే" అంది సీతారత్నంతో.

మొదటి రోజు బొమ్మ తెలిసినదే. రాజు అడవిలో వదిలేసిన చిన్నరాణిని పాము కరుస్తుంది. పదేళ్ళ కిందట సరిగ్గా అక్కడే లేచి వెళ్ళింది. రాణి చచ్చిపోయిందని సీతారత్నం చెబితే రెండు రోజులు అన్నం సయించలేదు. ఇవాళ కళ్ళారా చూసి కరువుతీరా ఏడుద్దామని కొంగు చేతిలో పట్టుకు కూర్చుంది.

పాము పడగెత్తింది. గుమ్మం దగ్గర్నుంచి "అత్తా!" అని కేక. చూస్తే చిట్టిబాబు, రొప్పుతున్నాడు.

"నొప్పులొచ్చేసేయండీ."

"ఎప్పట్నుంచిరా?"

"మధ్యాహ్నం నుంచండీ. ఒకటే ఏడుపు."

ఆడవాళ్ళ వైపు అందరూ అయ్యయ్యో అన్నారు. వీరాయమ్మ కొంగు దోపుకుని లేచింది. భీమరాజు గారు గుమ్మం దాకా వచ్చేరు.

"వెళ్ళిరండి వీరాయమ్మగారూ. మా ముగ్గురు పిల్లలకీ పురుడు పోసింది మీరు. రేపు ఆటకి ముందు మీరు చూడని రీళ్ళు వేయిస్తానండి."

తెల్లారేసరికి చిట్టిబాబుకి ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. సాయంత్రానికి వీరాయమ్మ మళ్ళీ హాల్లో ఉంది. నిన్న చూసినవాళ్ళు కూడా వచ్చేసేరు, ఈవిడ మొహం ఎలా మారుతుందో చూద్దామని. ముగింపు మాత్రం ఒక్కరూ బయటపెట్టలేదు.

తెర మీద ఓ ముని వేరు నూరి రాణి నోట్లో పోశాడు. రాణి మెల్లిగా కళ్ళు తెరిచింది.

"బతికిందే!" అంటూ వీరాయమ్మ లేచి నిలబడిపోయింది. వెంటనే పక్కన కూర్చున్న సీతారత్నం వైపు తిరిగింది. "చచ్చిపోయిందన్నావు కదే! పదేళ్ళుగా దాన్ని తలుచుకుని ఏడుస్తున్నానే!"

"పాము కరిస్తే చచ్చిపోయే ఉంటుందనుకున్నాను వదినా. నాకక్కడే నిద్ర పట్టేసింది."

"మరి ఆ ఇంకో బొమ్మలో కొండ మీంచి దూకినవాడో?"

"వాడూ... అంతే వదినా."

"అయితే నావాళ్ళందరూ బతికే ఉన్నారన్నమాట!"

టెంటంతా నవ్వులే. వీరాయమ్మ అందరికంటే ఎక్కువ నవ్వింది, కళ్ళమ్మట నీళ్ళు కారేదాకా. ఆ వారం మిగతా ఆరు బొమ్మలూ చివరిదాకా చూసింది.

ఆ తరవాత పురిటింట్లో అడుగుపెడితే చాలు, సినిమా కథ ఎత్తుకునేది. నొప్పులు పడే పిల్ల మధ్యలో ఊపిరి తీసుకుంటూ "తరవాతేమైందత్తా?" అని అడిగితే, "ఇంకొక్కసారి గట్టిగా ముక్కు తల్లీ, చెబుతాను" అనేది.