పడుగు గంజి పట్టించిన యూనిఫాం

ఎవరూ కొట్టకుండా, ఎవరూ తోయకుండా, నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే బోర్లా పడిపోవడం మీరెప్పుడైనా చూశారా? అదీ మిలిటరీ పరేడ్ గ్రౌండులో, మేజర్ సాబు కళ్ల ముందు? చూసి ఉండరు. నేను పడి చూపించాను. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు.

ఎనభైల చివరి మాట. మాది గద్వాల, ఇంట్లో మగ్గం. ఇంటరు తప్పి ఫౌజులో చేరాను. ఉత్తరాదిన ఎక్కడో ట్రైనింగు. పొద్దున్నే దౌడు, పడుకునేదాకా తిట్లు. మన వైపువాడంటూ ఉన్నది పాన్‌గల్ సామేలు ఒక్కడే. కూలిపనికి ఊళ్లు తిరిగిన ఇంటి పిల్లాడు, రాళ్ల మీద పడుకోబెట్టినా గురక పెట్టేవాడు. నేను పరుపు మీద కూడా మూలిగేవాణ్ణి.

ఆఖరి పరీక్ష డ్రిల్లు. పాసయితే సెలవు మీద ఇంటికి. తప్పితే వెనక బ్యాచిలో పడి, ఆ దౌడూ ఆ తిట్లూ మళ్లీ మొదటి నుంచి. అది తలుచుకుంటేనే నాకు జ్వరం వచ్చేది. దానికి తోడు, డ్రిల్లు నేర్పే ఉస్తాదు "యూనిఫాం కడక్‌గా ఉండాలి" అని హిందీలో గర్జించాడు.

కడక్, అంటే బిరుసు! పుట్టుకతో వచ్చిన బుద్ధి పరేడ్ గ్రౌండులో గాని పోదు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువుదారానికి, అదే పడుగుకు, మా ఇళ్లలో చిక్కటి గంజి పట్టిస్తారు. నాకు అదే గుర్తొచ్చింది.

"సామేలూ, ధోబీ పెట్టేది గంజేనా? ఉత్త నీళ్లు! నేను పడుగు గంజి పెడ్త సూడు."

"అరె, గది దారానికి పెట్టేది గదరా. బట్టలకు పెడ్తరా?"

"బట్ట దేంతోని అయితది? దారంతోనే గద!"

"ఏమోరా, నాకు తెల్వదు. నాకైతే జర పల్చగ పెట్టు."

వంటవాణ్ణి బతిమాలి గంజి తెచ్చాను. మెతుకులు మెదిపి జావలా కాచాను. సామేలు బట్టలకు ఒక్క పూత. నా వాటికి, ప్రేమ కొద్దీ, ఒకటి ఆరాక ఇంకోటి, అది ఆరాక మరోటి. ఎండిన ప్యాంటును వేలితో కొడితే తలుపు కొట్టినట్టు మోగింది. అప్పుడైనా అనుమానం రావాలి కదా? గర్వం వచ్చింది.

మర్నాడు పరీక్షకు నన్ను ఆ ప్యాంటులోకి దించడానికి సామేలు సాయం పట్టాడు. నడుస్తుంటే అప్పడాలు విరిగినట్టు చప్పుడు.

"సావధాన్!" అన్నాడు ఉస్తాదు. నా అంత నిటారుగా ఎవరున్నారు? మేజర్ సాబు మెచ్చుకోలుగా తల కూడా ఊపాడు.

"తేజ్ చల్!"

వడిగా నడవమని హుకుం. మోకాలు వంగలేదు. పైన మనిషి ముందుకు పోయాడు, కింద ప్యాంటు అక్కడే ఉండిపోయింది. బోర్లా పడ్డాను. లేద్దామంటే, వంగితే కదా లేచేది! ఇద్దరు జవాన్లు వచ్చి నిచ్చెన లేపినట్టు లేపారు.

"క్యా హై యే?" అన్నాడు మేజర్ సాబు.

"గంజి, సాబ్."

ఆయనకు అర్థం కాలేదు. "అగ్లా బ్యాచ్!" అన్నాడు. నాకు బాగా అర్థమైంది: వెనక బ్యాచి, మళ్లీ దౌడు.

సిగ్గు విడిచి ఏడ్చాను. పాసైన సామేలు పెట్టె సర్దుకుంటుంటే చెయ్యి పట్టుకున్నాను.

"గద్వాల పోయి మా నాయనకు జెప్పు. పడ్డనని జెప్పకు. సాబుకు నేనంటే మస్తు ఇష్టమంట, ఇడిచిపెడ్తలేడంట అని జెప్పు."

"అబద్ధం జెప్పమంటవారా?"

"నీ కాల్మొక్తరా, జెప్పు."

చెప్పాడు. అడిగినదానికంటే కాస్త ఎక్కువే చెప్పాడు. వెనక బ్యాచితో పాసై ఇంటికి వెళ్లేసరికి మా వీధంతా వాకిళ్లలో ఉంది. "సాబు ఇడిచిపెట్టని పిలగాడు గీడేనా?" అని ముసలమ్మలు నా గడ్డం పట్టుకున్నారు. నాయన ముఖం వెలిగిపోతుంటే నిజం చెప్పడానికి నోరు రాలేదు. మర్నాడు నన్ను యూనిఫాంలో ఊరంతా తిప్పి చూపిస్తానని, దాన్ని ఉతకమని అమ్మకిచ్చాడు.

తెల్లారి లేచి చూస్తే వాకిట్లో ఓ జవాను అటెన్షన్‌లో నిలబడి ఉన్నాడు. తల లేదు. కళ్లు నులుముకుని దగ్గరికి పోతే, నా యూనిఫాం!

"సాబు ముందర దిరిగే బట్టలు గద బిడ్డా," అంది అమ్మ మురిసిపోతూ. "పడుగు గంజి మంచిగ పట్టించిన."

ఆ బట్టల్లో ఊరు తిరిగిన సంగతి మాత్రం అడగకండి. ఆ రోజే మా ఇంటి మగ్గం మీద చెయ్యేసి ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో గంజి ఎదురుపడితే, ఉప్పేసుకుని తాగుతాను గాని తొడుక్కోను.