పిన్ని చెప్పుకోలేని పురుగు

ఆ రోజుల్లో జంతుశాస్త్రం చదవడమంటే జీపెక్కి పులుల వెంట తిరగడమేనని నాకో గట్టి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే కాకినాడలో అమ్మానాన్నల్ని ఒప్పించి, హైదరాబాదులో ఎమ్మెస్సీలో చేరి, తార్నాకలో మా పిన్ని వాళ్ల ఫ్లాట్‌లో మకాం పెట్టాను. రెండో ఏడు ప్రాజెక్టులు పంచేరోజున మా గైడు గారు నా స్నేహితురాలికి సీతాకోకచిలుకలు ఇచ్చి, నావైపు తిరిగి, "నీకు పేడపురుగులమ్మా" అన్నారు, మెడలో పతకం వేస్తున్నంత ప్రేమగా. నా మొహం చూసి జాలిపడ్డట్టున్నారు, "అవి నాలుగు రోజులు సమ్మె చేస్తే తెలుస్తుంది. పశువులు మేసేచోట మనం కాలు పెట్టగలమా? ఆ పేడంతా మట్టిలోకి దింపి ఎరువు చేసేది అవేగా!" అని ఓదార్చారు.

అప్పట్నుంచీ నా పొద్దుటిపూటలన్నీ క్యాంపస్ వెనక, మాణికేశ్వర్ నగర్ వైపు నుంచి మేతకొచ్చే గేదెల వెంటే. ముక్కుకి చున్నీ, ఒక చేతిలో డబ్బా, ఇంకో చేతిలో స్పూను (నేను కొనుక్కున్నదే. పిన్ని ఈ మాట ఇప్పటికీ నమ్మదు). ఒకరోజు గేదెలాయన ఇక ఉండబట్టలేక అడిగేశాడు. "ఏంది మేడం, పొద్దుగాల్నుంచి మా బర్రె ఎన్కనే తిరుగుతున్నరు? మీదేమన్న నమిలిందా?" లేదండీ, దాని పేడ కావాలి అన్నాను. ఆయన నన్ను కింది నుంచి పైదాకా చూసి, "గింత సదువుకొని గిదేంది మేడం!" అని, పాపం, నాకోసం నిజంగానే బాధపడ్డాడు.

మా పిన్నికి ఆ పురుగు పేరు నోటికి రాదు. వచ్చినా రానివ్వదు. లిఫ్టులో ఎవరు పలకరించినా, "మా అక్క కూతురండీ. సీతాకోకచిలుకల మీద రీసెర్చి చేస్తోంది" అనేది. "పిన్నీ, నావి పేడ..." అని నేను మొదలుపెట్టేలోపే మోచేత్తో పొడిచి, "ఊరుకోవే, రెండూ ఎగురుతాయిగా!" అనేది.

అలా లిఫ్టులో ఎగిరిన సీతాకోకచిలుకలు ఓ ఆదివారం మా గుమ్మంలో వాలాయి. కింది వాటాలో వారాసిగూడ నుంచి వచ్చి స్థిరపడ్డ ఆంటీ ఒకావిడ ఉండేది. ఆవిడ వేసిన కరివేపాకు చెట్టు మీదే మా అపార్టుమెంటు పులుసులన్నీ ఆధారపడి ఉండేవి. ఆ చెట్టు కొమ్మ ఒకటి, ఈనెలు తప్ప ఆకులేనిది, పట్టుకొచ్చి నా మొహం ముందు ఆడించింది. దానిమీద ఆకుపచ్చ గొంగళిపురుగులు నిమ్మళంగా మేస్తున్నాయి.

"నీ సీతాకోకచిలుకల పిల్లలేనంట గివి. చెట్టు మొత్తం బోడి చేసినయ్. రేపు మందు కొట్టిపిస్త."

పిన్ని నావైపు చూసింది. నేను పరీక్షల్లో రాసిందంతా ఒక్క ఊపిరిలో అప్పజెప్పాను. "వద్దాంటీ! పిట్టలు వాటి పిల్లలకి పెట్టేది ఈ పురుగుల్నే. మిగిలినవి రెక్కలొచ్చాక పూలన్నీ తిరిగి పుప్పొడి మోస్తాయి. నాకివ్వండి, పెంచి సీతాకోకచిలుకల్ని చేసి చూపిస్తా."

"చూపియ్యకపోతే?"

"అప్పుడు మీ ఇష్టమండీ," అంది పిన్ని నా తరఫున, ఎంతో ధీమాగా. (నేను అంతకుముందు ఒక్కదాన్నయినా పెంచి ఎరుగను.)

పాత స్వీటు డబ్బాకి దోమతెర కట్టి వాటికి కాపురం పెట్టాను. పిన్ని బజారు నుంచి కరివేపాకు తెచ్చి, మందు కొట్టారేమోనని కడిగి, తుడిచి మరీ వడ్డించేది. మాకు మాత్రం తాలింపులో ఆవాలే. ఓ పొద్దున బాబాయి ముచ్చటపడి ఒకదాన్ని వేలితో తాకాడు. అది తలమీంచి రెండు ఎర్రటి కొమ్ములు బయటికి తీసి ఘాటైన వాసన వదిలింది. "ఇదేంటే, నా ఇంట్లో నామీదే కొమ్ములు విసురుతోంది!" అని ఆయన ఉప్మా వదిలేసి బ్యాంకుకి వెళ్లిపోయాడు. చాలావరకు చచ్చిపోగా చివరికి రెండు మాత్రం నడుముకి దారం కట్టుకుని, కొమ్మకి ఆనుకుని, ప్యూపాలైపోయాయి.

ఓ సాయంత్రం వాటిలో ఒకటి నల్లబడింది. ఇంకేముంది, వచ్చేస్తోందని ప్రకటించేశాను. కింది ఆంటీ ఇరుగుపొరుగుని వెంటబెట్టుకుని వచ్చింది. పిన్ని పకోడీలు వేసింది. అందరం డబ్బా చుట్టూ ఊపిరి బిగబట్టి కూర్చున్నాం. ప్యూపాకి సూదిమొనంత రంధ్రం పడింది. అందులోంచి నల్లటి చిన్న పురుగొకటి వచ్చింది. దాని వెనక ఇంకోటి. దాని వెనక ఇంకోటి.

"గిదేనా సీతాకోకచిలుక? ఈగ లెక్కున్నది గదా!" అంది ఆంటీ.

"అంటే... ఇవి కందిరీగల జాతండీ. ప్యూపాలో గుడ్లు పెట్టి... లోపలిదాన్ని తినేసి..." నా గొంతు నాకే వినపడటం మానేసింది. కళ్లు మండుతున్నాయి. అప్పుడు మా పిన్ని పకోడీల పళ్లెం ఠప్పున కింద పెట్టింది.

"దాన్నేమీ అనకండి! అది చదివేది సీతాకోకచిలుకల గురించి కాదు, పేడపురుగుల గురించి! వాటి సంగతి అడగండి, ఎంత బాగా చెబుతుందో!"

ఆంటీ కళ్లు పెద్దవయ్యాయి. "పేడపురుగులా? ఉండ చేసి ఎన్కకాళ్లతోని దొర్లిస్తయి, గవేనా? చిన్నగున్నప్పుడు మా అమ్మమ్మోళ్ల ఊర్ల గవి చూస్కుంట బడికి పోకపోతుంటి. ఉన్నయా నీ తాన? జల్ది తే!"

బాల్కనీలోంచి నా పేడపురుగుల బకెట్టు వచ్చింది. పకోడీలు చల్లారిపోయాయి. తలకిందులుగా నిలబడి పేడ ఉండని వెనక్కి తోసుకుపోతున్న పురుగుని ఆంటీ "నూకు, నూకు!" అని ఉత్సాహపరుస్తుంటే, మా పిన్ని కూడా, కొంగు ముక్కు మీంచి తియ్యకుండానే, ముందుకి వంగి చూసింది. వెళ్తూ వెళ్తూ ఆంటీ తీర్పు చెప్పింది. "సరె తియ్యి, మందు కొట్టిపియ్య. చెట్టు మళ్ల చిగురు పెట్టేదాంక మాకు కరివేపాకు మీ ఇంట్లకెల్లే రావాలె."

రెండో ప్యూపా సంగతి అందరం మర్చిపోయాం. ఓ పొద్దున నేను పళ్లు తోముకుంటుంటే, "ఒసేయ్, రావే!" అని పిన్ని గుసగుసగా అరిచింది. గుసగుసగా అరవడం ఆవిడకే చేతనవును. వెళ్లి చూద్దును కదా, కిటికీ దగ్గర ఆవిడ వేలిమీద, తడి రెక్కలు ముడతలు పడి, తెల్లచుక్కల నల్లటి సీతాకోకచిలుక. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నాయి. బాబాయి క్యారియర్ కోసం కేకలేస్తున్నాడు. "ఉండండీ, దీని రెక్కలు ఆరాలి" అంది పిన్ని, కదలకుండా. ముడతలు ఒక్కొక్కటే విప్పుకుని, అది తార్నాక కరెంటు తీగల మీదుగా ఎగిరిపోయింది.

ఆ పొద్దుటి ఫొటో ఒక్కటీ లేదు. నా ఫోను పక్కగదిలోనే ఉంది, తెచ్చుకోవాలని తట్టనే లేదు, నోట్లో బ్రష్షుతో అలా చూస్తూ ఉండిపోయాను. ఇప్పుడైతే ముందు ఫోను కోసమే పరిగెత్తి, నేనొచ్చేసరికి అది వెళ్లిపోయిందని పిన్నినే కేకలేసేదాన్ని.